మిషిగన్ సరస్సు మీద పంటు

పోయిన వేసవిలో మా అమ్మ అమెరికాకి, మా దగ్గరికి వచ్చినప్పుడు మిషిగన్ రాష్ట్రంలోని లడింగ్టన్ రేవుకి తీసుకెళ్లాం. అక్కణ్ణించి ఎస్.ఎస్. బ్యాడ్జర్ అనే ఆవిరి ఓడ మిషిగన్ సరస్సు దాటి, అవతలి ఒడ్డున విస్కాన్సిన్‌లో ఉన్న మానిటోవాక్‌కి వెళ్తుంది. 60 మైళ్లు, నాలుగు గంటల ప్రయాణం. ఓడ వెనక భాగం తెరుచుకుని కార్లు ఒక్కొక్కటే లోపలికి పోతుంటే అమ్మ కాసేపు చూసి, "ఇది మన సఖినేటిపల్లి పంటే కదే! కాకపోతే పెద్దది" అంది.

"పంటు అంటే ఏంటి అమ్మమ్మా?" అంది మా తొమ్మిదేళ్ల పిల్ల. ఒక తెలుగు మాటకి అర్థం తనంతట తానుగా అడగడం నేను వినడం అదే మొదలు.

గోదావరి దాటి నర్సాపురం వెళ్లాలంటే పంటు ఎక్కాలనీ, సైకిళ్లూ కార్లూ మనుషులూ అందరూ దానిమీదేననీ అమ్మ చెప్పింది. "ఇందులో రైళ్లు కూడా ఎక్కేవమ్మా" అన్నాను. నమ్మలేదు.

1952లో విస్కాన్సిన్‌లోని స్టర్జన్ బేలో ఈ 410 అడుగుల ఓడని కట్టిందే రైలు వ్యాగన్ల కోసం. కింది అంతస్తులో నాలుగు వరసల పట్టాలు ఉండేవి. రేవులో పట్టాల్ని వాటితో కలిపి, ఇంజను వ్యాగన్లని వెనకనించి లోపలికి నెట్టేది. సరుకు దించి మళ్లీ ఎక్కించే పని లేదు. సరస్సు దక్షిణపు కొసన ఉన్న చికాగో చుట్టూ తిరిగి, అక్కడి రైల్వే యార్డుల రద్దీలో పడిగాపులు పడే బాధా లేదు. లడింగ్టన్‌లో ఈ పద్ధతి 1897 నుంచీ ఉంది. చలికాలంలో మంచుగడ్డలు పగలగొట్టుకుంటూ వెళ్లేవి ఆ ఓడలు. 1910 సెప్టెంబరులో పెరే మార్క్వెట్ 18 అనే ఓడ సరస్సు మధ్యలో మునిగి, కెప్టెనుతో సహా పాతికమందికి పైగా చనిపోయారు.

వ్యాగన్లన్నీ ఒకవైపే ఎక్కిస్తే ఓడ ఒరుగుతుంది కాబట్టి, బరువు రెండు వైపులా సరిచూసుకుంటూ ఎక్కించేవాళ్లని పిల్లకి చెబుతున్నాను. అమ్మ వెంటనే అందుకుంది. "మా పంటు మీదా అంతే. అందరూ ఓ పక్కకే చేరితే సరంగు కేకలేసేవాడు." అప్పటిదాకా నమ్మని మనిషికి అక్కడ నమ్మకం కుదిరింది.

ఆదివారం తెలుగు క్లాసులో మా పిల్ల రోలు, రోకలి, ఎడ్లబండి నేర్చుకుంది. అవేవీ తను చూసినవి కావు. పరీక్ష రాసి మర్చిపోయేది. నాకు చాలా బాధగా ఉండేది. ఆ నాలుగు గంటల్లో మాత్రం రేవు, ఒడ్డు, బొగ్గు, బూడిద, పట్టాలు, లంగరు అన్నీ కళ్లెదుట పెట్టుకుని నేర్చుకుంది. తెలుగంటే ఎప్పుడో అక్కడ వదిలేసి వచ్చిన సంగతుల గురించే అని నేనే తనకి నేర్పానేమో. తను పుట్టిన చోట ఉన్న ఈ సరస్సు గురించి మా ఇంట్లో ఎవరమూ తెలుగులో మాట్లాడలేదు.

బూడిద మాట ఎందుకొచ్చిందంటే, బ్యాడ్జర్ ఇప్పటికీ బొగ్గుతోనే నడుస్తుంది. ఒకప్పుడు బూడిదని సరస్సులోనే కలిపేసేవారు. జనం అభ్యంతరం పెట్టాక, 2015 నుంచి ఓడలోనే దాచి ఒడ్డుకి చేరుస్తున్నారు. "నీళ్లలో పొయ్యడం తప్పు కదా" అంది పిల్ల. "తప్పే" అంది వాళ్లమ్మమ్మ.

వ్యాగన్ల రవాణా తగ్గిపోయి 1990 నవంబరులో ఓడ ఆగిపోయింది. లడింగ్టన్‌లోనే పుట్టిన చార్లెస్ కాన్రాడ్ మరుసటి ఏడు దాన్ని కొని, 1992లో కార్లకీ మనుషులకీ మళ్లీ నడిపించాడు. సొంత ఊరి ఓడని తుక్కుకి పోనివ్వని ఆ మనిషంటే నాకు చాలా గౌరవం. 2016లో దాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు.

తిరుగు ప్రయాణంలో లడింగ్టన్ దగ్గరపడుతుంటే అమ్మ కునుకు తీస్తోంది. అక్కడ ఓడ లంగరు వేసి, దాన్ని ఊతంగా చేసుకుని గుండ్రంగా తిరిగి, వెనక్కి నడుస్తూ రేవులోకి చేరుతుంది. గొలుసు గడగడమని నీళ్లలోకి జారింది. పిల్ల పరిగెత్తుకొచ్చి భుజం కుదిపింది.

"అమ్మమ్మా, లే! లంగరు వేశారు, పంటు తిరుగుతోంది!"