థాయ్‌లాండ్‌లో పనికి వెళ్లేవాళ్లకు: వీసా వేరు, స్టాంపు వేరు, వర్క్ పర్మిట్ వేరు

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగు కుర్రాళ్ల నోట సూరత్, గల్ఫ్ తర్వాత ఇప్పుడు వినిపిస్తున్న పేరు బ్యాంకాక్. భువనేశ్వర్ నుంచి, విశాఖ నుంచి నేరుగా విమానాలు మొదలయ్యాక ఈ మాట ఇంకా పెరిగింది. "వీసా అక్కర్లేదు, వెళ్లాక పని చూసుకోవచ్చు" అనే ఏజెంట్లూ పెరిగారు. అందులో మొదటి సగం నిజమే. రెండో సగం నమ్మి బయల్దేరినవాళ్లే ఇబ్బందుల్లో పడుతున్నారు.

థాయ్‌లాండ్‌లో విదేశీయుడి దగ్గర ఉండాల్సిన అనుమతులు మూడు. వాటిని మూడు వేర్వేరు శాఖలు ఇస్తాయి. వీసా ఇచ్చేది విదేశాంగ శాఖ, అంటే రాయబార కార్యాలయం. ఎన్ని రోజులు ఉండొచ్చో నిర్ణయించి పాస్‌పోర్టులో స్టాంపు వేసేది ఇమిగ్రేషన్ పోలీసులు. పని చేసుకునే అనుమతి, అంటే వర్క్ పర్మిట్, కార్మిక శాఖది. వీసా మీద గడువు ఎంత ఉన్నా స్టాంపులో ఉన్న తేదీయే చెల్లుతుంది. స్టాంపులో ఏడాది ఉన్నా వర్క్ పర్మిట్ లేకుండా పని చేస్తే నేరమే. ఏజెంటు ఏ కాగితం చూపించినా, అది ఈ మూడింటిలో ఏదని ముందు అడగండి.

భారతీయులకు 2024 జూలై 15 నుంచి వీసా లేకుండా 60 రోజుల బస ఇచ్చారు. అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసులో టీఎం 7 ఫారం, 1,900 బాట్లు కడితే ఇంకో 30 రోజులు అడగొచ్చు. ఈ రోజుల లెక్కను థాయ్ ప్రభుత్వం ఎప్పుడైనా మార్చవచ్చు కాబట్టి టికెట్ కొనేముందు రాయబార కార్యాలయం సైటు చూసుకోవాలి. 2025 మే 1 నుంచి విమానం దిగేలోపు డిజిటల్ అరైవల్ కార్డు కూడా నింపాలి. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఇమిగ్రేషన్ శాఖ సొంత సైటులో నింపితే దానికి పైసా ఖర్చు లేదు. డబ్బు అడుగుతున్న సైటు ఏదైనా సరే, మూసేయండి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, చేతిలో 20,000 బాట్లు ఉంటే కౌంటర్ దగ్గర ఇబ్బంది ఉండదు.

ఇదంతా చూడ్డానికి వెళ్లేవాళ్ల సంగతి. ఉద్యోగానికైతే పని ఇంటి దగ్గరే మొదలవ్వాలి.

ముందు పాస్‌పోర్టు. పదో తరగతి పాస్ కానివాళ్లకు సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. అలాంటి పాస్‌పోర్టుతో ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయిన 18 దేశాల్లో థాయ్‌లాండ్ కూడా ఉంది. గల్ఫ్‌కే ఆ నియమం అని మనవైపు చాలామంది అనుకుంటారు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులోనే ఆ క్లియరెన్స్ తీసుకోవాలి, ఏజెంటు ద్వారా వెళ్తే అతను అందులో నమోదై ఉండాలి. ఆ ఏజెంటు మన దగ్గర తీసుకోగలిగేది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. లక్షన్నర, రెండు లక్షలు అడిగాడంటే అక్కడికక్కడే లేచి వచ్చేయొచ్చు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు ఏ లైసెన్సూ ఉండదు. పెద్ద ఏజెంటు పేరు చెప్పుకుని తిరగడమూ చట్టవిరుద్ధమే. లైసెన్స్ నంబరు అడిగి, అదే సైటులో మీరే కొట్టి చూడండి. క్లియరెన్స్‌తో పాటు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా వికలాంగులైనా పది లక్షలు. దాన్ని వదులుకోకూడదు.

తర్వాత పేరు. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా రాయాలి. ఒడియా మీడియం బడిలో చదివితే అదే పేరు ఇంకో స్పెల్లింగ్‌తో ఉంటుంది. వర్క్ పర్మిట్ ఫైలులో డిగ్రీ, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూస్తారు. ఒక్క అక్షరం తేడాకే ఫైలు వెనక్కి వస్తుంది. ఇక్కడుండగానే సరిచేయించుకోవాలి, అక్కడికి వెళ్లాక చేయించడం నరకం.

ఒడిశా, ఆంధ్ర సరిహద్దువాళ్లకు ప్రత్యేకంగా తెలియాల్సినవి రెండున్నాయి. డిగ్రీ ధ్రువీకరణ మనం ఉండే రాష్ట్రాన్ని బట్టి జరగదు, డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయం ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడ జరుగుతుంది. బరంపురం విశ్వవిద్యాలయం డిగ్రీకి భువనేశ్వర్ వెళ్లాలి. ఇంట్లోవాళ్లు గంజాంలో ఉన్నా చదివింది శ్రీకాకుళంలోనో విశాఖలోనో అయితే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ముద్ర కావాలి. ఆ తర్వాతే మన విదేశాంగ శాఖ, చివర థాయ్ కాన్సులేట్. రెండోది వీసా దరఖాస్తు. 2025 జనవరి నుంచి భారత్‌లో అంతా ఈ-వీసాయే. అందులో ఏ కాన్సులేట్ అని ఎంచుకోవాలి. ఒడిశా చిరునామా ఉన్నవాళ్లది కోల్‌కతా, ఆంధ్ర చిరునామా ఉన్నవాళ్లది చెన్నై. ఇచ్ఛాపురం స్నేహితుడు చెన్నై పెట్టాడని బరంపురం చిరునామాతో మనమూ చెన్నై పెడితే దరఖాస్తు తిప్పికొట్టే ప్రమాదం ఉంది, ఫీజు తిరిగి రాదు.

ఉద్యోగానికి కావాల్సిన వీసా నాన్ ఇమిగ్రెంట్ బీ. దానికి కంపెనీ అక్కడి కార్మిక శాఖలో ముందే అనుమతి తీసుకుని మనకు పత్రం పంపాలి. మామూలు కంపెనీ ఒక విదేశీయుణ్ని పెట్టుకోవాలంటే 20 లక్షల బాట్ల మూలధనం, నలుగురు థాయ్ ఉద్యోగులు ఉండాలి. ఏడాది బస పొడిగింపుకు భారతీయుడి జీతం నెలకు కనీసం 35,000 బాట్లు చూపించాలి. "జీతం 18,000 బాట్లు, వర్క్ పర్మిట్ మేమే ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే ఆ లెక్క కుదరదు. "టూరిస్టుగా వెళ్లి అక్కడ మార్చుకోవచ్చు" అన్న మాటలో కొంత నిజం ఉంది. కానీ స్టాంపులో కనీసం 15 రోజులు మిగిలి ఉండాలి, కంపెనీ కాగితాలన్నీ సిద్ధంగా ఉండాలి, మార్చడమా లేదా అనేది అధికారి ఇష్టం. పర్మిట్ చేతికి వచ్చేదాకా ఒక్క రోజు పని చేసినా నేరమే. దొరికితే 5,000 నుంచి 50,000 బాట్ల జరిమానా, దేశం నుంచి పంపేయడం, రెండేళ్లపాటు కొత్త పర్మిట్ లేకపోవడం. యజమానికి మనిషికి 10,000 నుంచి లక్ష బాట్లు.

ఎన్ని కాగితాలున్నా విదేశీయులకు ఇవ్వని పనులు 27 ఉన్నాయి. మనవైపు ఇది బాగా తెలియాలి, ఎందుకంటే ఆ జాబితాలో చేమగ్గం నేత ఉంది, చేతితో పట్టు తీయడం ఉంది, బంగారం వెండి పని ఉంది. బరంపురం పట్టు నేసే దేవాంగుల ఇళ్లలోంచి ఒకరు, కంసాలి పని బాగా వచ్చిన ఒకరు "మన చేతిపనికి అక్కడ గిరాకీ ఉంటుంది" అనుకుంటే, గిరాకీ ఉన్నా చట్టం ఒప్పుకోదు. క్షవరం, బ్యూటీ పార్లర్, డ్రైవింగ్, టూరిస్టు గైడు, తోపుడుబండి, థాయ్ మసాజ్, గుమాస్తా పని కూడా అంతే. ఇండియన్ హోటళ్లలో వంటమాస్టరుకు పర్మిట్ దొరుకుతుంది. అదే మనిషిని కౌంటర్‌లో కూర్చోబెట్టి బిల్లులు కొట్టిస్తే, పర్మిట్‌లో రాసిన పని వేరు కాబట్టి కేసు పెట్టొచ్చు.

ఇక థాయ్‌లాండ్ సరిహద్దు ఊరు మే సోట్ గురించి. "డేటా ఎంట్రీ, కస్టమర్ సపోర్ట్, బ్యాంకాక్ ఆఫీసు, జీతం 80 వేలు" అని టెలిగ్రామ్‌లో వచ్చే ఉద్యోగాలు ఎక్కువగా అక్కడికే చేరుస్తున్నాయి. బ్యాంకాక్ ఎయిర్‌పోర్టులో కారు ఎక్కించుకుంటారు. నగరంలోకి వెళ్లాల్సిన కారు వాయవ్యం వైపు ఏడెనిమిది గంటలు నడుస్తుంది. మే సోట్ ఊరు, పక్కనే మోయి నది, అవతల మయన్మార్‌లోని మ్యావడ్డి. నది దాటాక పాస్‌పోర్టు లాక్కుని ఆన్‌లైన్ మోసాలు చేయిస్తారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాల్లో 500 మందికి పైగా భారతీయుల్ని మే సోట్ నుంచి తీసుకొచ్చారు. కారు ఎక్కిన గంట తర్వాత కూడా ఫోన్‌లో మ్యాప్ తెరిచి చూడండి. మే సోట్ ఉన్న తాక్ రాష్ట్రం వైపు వెళ్తుంటే పెట్రోల్ బంకులో దిగిపోయి టూరిస్ట్ పోలీసు 1155కు ఫోన్ చేయండి, వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు ఇక్కడి నుంచి మన ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1800 11 3090కి చేయొచ్చు. సామాను పోతే పోయింది, నది మాత్రం దాటకూడదు.

సక్రమంగా ఉద్యోగంలో చేరినవాళ్లను ఎక్కువగా ఇరికించేవి చిన్న ఫారాలు. కొత్త ఇంట్లో దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని టీఎం 30 (ఇంట్లో విదేశీయుడు ఉంటున్నాడని ఇమిగ్రేషన్‌కు తెలిపే ఫారం) వేయాలి. ఆయన వేయకపోతే జరిమానా ఆయనదే, కానీ పొడిగింపు కోసం ఇమిగ్రేషన్‌కు వెళ్తే ఆ రసీదు లేదని మన ఫైలే ఆగుతుంది. అద్దె ఒప్పందంపై సంతకం పెట్టకముందే "టీఎం 30 వేస్తారా" అని అడగాలి. వరసగా 90 రోజులు దేశంలో ఉంటే మన చిరునామా తెలిపే టీఎం 47 ఫారం ఇవ్వాలి, గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత వరకు. దాటితే 2,000 బాట్లు. మధ్యలో దేశం దాటి వస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఏడాది పొడిగింపు ఉన్నవాళ్లు ఇంటికి వచ్చేముందు టీఎం 8తో రీ ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. ఒకసారికి 1,000, ఎన్నిసార్లయినా అయితే 3,800 బాట్లు. ఇది లేకుండా విమానం ఎక్కితే పొడిగింపు అక్కడే చచ్చిపోతుంది, వీసా నుంచి అన్నీ మళ్లీ మొదలుపెట్టాలి. పెళ్లికో, పెద్దవాళ్లకు బాగోలేదనో హడావిడిగా బయల్దేరేవాళ్లు దీన్నే మరిచిపోతారు. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులోనూ కౌంటర్ ఉంది, గంట ముందు వెళ్తే చాలు.

ఉద్యోగం పోతే బస కూడా పోతుంది. చివరి పనిదినంతో పొడిగింపు ముగుస్తుంది, 1,900 బాట్లు కట్టి ఏడు రోజులు అడగొచ్చు. కొత్త కంపెనీ కాగితాలు సిద్ధం కాకముందే రాజీనామా ఇవ్వకండి. తీసేస్తే మాత్రం పరిహారం మన హక్కే. 120 రోజులు దాటితే నెల జీతం, ఏడాది దాటితే మూడు నెలల జీతం. కార్మిక చట్టంలో విదేశీయుడని తేడా లేదు.

ఇల్లు: సాధారణంగా రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు. కరెంటు మాట తప్పక అడగండి. ప్రభుత్వ రేటు యూనిట్‌కు సుమారు 4 బాట్లు, చాలా అపార్ట్‌మెంట్లలో 7, 8 వేస్తారు. నేల కొనలేం, కాండోలు (సొంతానికి కొనే ఫ్లాట్లు) భవనం విస్తీర్ణంలో 49 శాతం వరకే విదేశీయులవి. బండి నడపాలంటే ఇక్కడి ఆర్టీవో దగ్గర అంతర్జాతీయ పర్మిట్‌లో టూవీలర్ రాయించుకోండి, లేకుంటే ప్రమాదమైనప్పుడు బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. ఈ-సిగరెట్ బ్యాగులో కూడా ఉండకూడదు. రాజును, రాణిని, వారసుణ్ని కించపరుస్తూ ఫేస్‌బుక్‌లో ఒక్క మాట రాసినా 112వ సెక్షన్ కింద 3 నుంచి 15 ఏళ్ల జైలు.

స్టాంపులో గడువు దాటిపోయిందా? భయపడి దాక్కోవద్దు. జరిమానా రోజుకు 500 బాట్లు, ఎంత కాలమైనా 20,000 మించదు. మనంతట మనమే టికెట్ కొనుక్కుని ఎయిర్‌పోర్టుకు వెళ్తే, 90 రోజుల లోపైతే నిషేధం లేదు. 90 రోజులు దాటితే ఏడాది, ఏడాది దాటితే 3 ఏళ్లు, మూడేళ్లు దాటితే 5, ఐదేళ్లు దాటితే 10. అదే పోలీసులకు దొరికితే ఏడాది లోపైనా 5 ఏళ్లు, ఆపైన 10. దొరికాక టికెట్ డబ్బు వచ్చేదాకా డిటెన్షన్‌లోనే ఉంచుతారు. జరిమానా బాట్లలో నగదుగా తీసుకెళ్లండి, విమానానికి నాలుగు గంటల ముందు చేరండి. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోతే, అది భారత ప్రభుత్వ ఆస్తి అని చెప్పి అడగండి. ఇవ్వకపోతే పోలీసు రిపోర్టు తీసుకుని సుఖుంవిట్ సోయి 23లోని మన రాయబార కార్యాలయానికి వెళ్తే, ఇంటికి చేరడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.