బ్రిక్ లేన్ మసీదు గోడ మీది నీడ గడియారం

వలస వచ్చినవాళ్లు ఒకేచోట గుమిగూడతారనీ, తక్కిన నగరంతో కలవరనీ ఎవరైనా అన్నప్పుడల్లా నాకు లండన్‌లో బ్రిక్ లేన్, ఫోర్నియర్ స్ట్రీట్ కలిసే మూలనున్న ఒక ఇటుక కట్టడం గుర్తుకొస్తుంది. 1685లో పద్నాలుగో లూయీ మతస్వేచ్ఛను రద్దు చేయడంతో ఫ్రాన్స్ విడిచి వచ్చిన ప్రొటెస్టెంట్లు ఆ వీధులున్న స్పిటల్‌ఫీల్డ్స్ పేటలో పట్టుమగ్గాలు పెట్టుకోగా, వారి సంతతివారు 1743లో దానిని ప్రార్థనామందిరంగా కట్టుకున్నారు. తరువాత అది మెథడిస్టులనే మరో ప్రొటెస్టెంట్ శాఖవారి చేతికి వెళ్లింది. రష్యా సామ్రాజ్యంలో హింసకు గురై, తూర్పు ఐరోపా నుంచి తరలివచ్చిన యూదులు 1898లో దానిని సినగాగ్, అంటే తమ ప్రార్థనామందిరం, చేసుకున్నారు. 1976 నుంచి అది మసీదు. అక్కడ నమాజు చేసేవారిలో సిల్హెట్ ప్రాంతపు మూలాలున్న బంగ్లాదేశీయులే ఎక్కువ. గోడ మీద పైన నీడ గడియారమూ, 1743 అన్న అంకెలూ, ‘మనం నీడలం’ అనే అర్థమిచ్చే రెండు లాటిన్ మాటలూ ఇప్పటికీ ఉన్నాయి. తరువాత వచ్చినవారెవరూ వాటిని చెరపలేదు.

మనుషులు మారినా ఆ పేటను బతికించినది బట్ట పనే: మొదట పట్టునేత, తరువాత దర్జీపని, తోలుకోట్ల కుట్టుపని. భాష రానివారికి కూడా అక్కడ పని దొరికేది, గది చూపించే మనిషి దొరికేవాడు, ప్రభుత్వం నుంచి వచ్చిన ఉత్తరం చదివిపెట్టే పొరుగువారు ఉండేవారు. నిలదొక్కుకున్నవారి పిల్లలు వేరే ప్రాంతాలకు వెళ్లిపోతే ఆ ఇళ్లలోకి మరో దేశంవారు వచ్చారు. విడిగా ఉండిపోవాలన్నదే వారి కోరికైతే ఆ కట్టడం ఇన్ని చేతులు మారేది కాదు.

వలస వచ్చినవాళ్లు తమవారి మధ్యే ఉండటానికి భయమూ ఒక కారణమే. దానిని దాటవేయడం నాకు న్యాయంగా తోచదు. 1978 మే 4న అల్తాబ్ అలీ అనే యువ బంగ్లాదేశీ కుట్టుపనివాడు పని ముగించుకుని ఇంటికి వెళుతుండగా జాతివిద్వేషానికి బలయ్యాడు. పది రోజుల తరువాత వేలాదిమంది అతని శవపేటిక వెంట ప్రధానమంత్రి నివాసమున్న డౌనింగ్ స్ట్రీట్ దాకా నడిచారు.

ఒక్కో జాతివారు ఒకేచోట గుమిగూడే ఈ సమస్యను సింగపూర్ నిబంధనతో పరిష్కరించాలనుకుంది. అక్కడి ప్రభుత్వ గృహాల్లో ఒక్కొక్క జాతివారు బ్లాకుకు ఎంత శాతం మించకూడదో 1989 నుంచి నిబంధన ఉంది. ఉద్దేశం మంచిదే కాని, చైనీయుల పరిమితి నిండిన బ్లాకులో మలయు లేదా భారతీయ యజమాని తన ఇంటిని చైనీయులకు అమ్మలేడు, ఆ మేరకు కొనేవారు తగ్గిపోతారు. నాకు బ్రిక్ లేన్ నెమ్మదిదారి మీదే నమ్మకం ఎక్కువ. అయితే ఇప్పుడక్కడ అద్దెలు పెరిగిపోయాయి, రేపు చేతిసంచితో దిగే మనిషికి ఆ వీధిలో గది దొరకడం కష్టం.