అక్క బ్యాడ్జీ, ఖాజాగూడ బండ

మా అక్క ఎక్స్‌రే టెక్నీషియన్. డ్యూటీలో ఉన్నంతసేపూ ఛాతీ దగ్గర చిన్న బ్యాడ్జీ పెట్టుకుంటుంది, మూడు నెలలకోసారి దాన్ని ల్యాబ్‌కి పంపిస్తారు. ఏంటక్కా అది అని అడిగితే "టీఎల్‌డీ రా, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క చెప్తుంది" అంది. అందులో ఉండేది కొంచెం డిస్ప్రోసియం అనే లోహం కలిపిన కాల్షియం సల్ఫేట్. రేడియేషన్ తగిలితే ఎలక్ట్రాన్లు తమ చోటు వదిలి, స్ఫటికంలో ఉన్న లోపాల్లో ఇరుక్కుపోతాయి. ల్యాబ్‌లో వేడి చేసినప్పుడు అవి విడిపడి వెలుగునిస్తాయి, ఆ వెలుగును బట్టే డోసు లెక్క కడతారు.

మామూలు పలుగురాయి కూడా ఇదే పని చేస్తుందని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. మట్టిలో ఉండే యురేనియం, థోరియం, పొటాషియం నుంచి, పైన ఆకాశం నుంచి కూడా, దానికి రోజూ కొద్దికొద్దిగా రేడియేషన్ తగులుతూనే ఉంటుంది. ఇసుక రేణువు కాసేపు ఎండలో ఉంటే చాలు, దాచుకున్నదంతా పోతుంది. మళ్లీ మట్టి కింద పడితే లెక్క సున్నా నుంచి మొదలు, అప్పట్నుంచి ఎంత దాచుకుందో కొలిస్తే ఎన్నేళ్లుగా మట్టి కింద ఉందో తెలుస్తుంది. అందుకే శాంపిల్‌ని ఎండ తగలకుండా గొట్టంలో తీసి, ల్యాబ్‌లో మసక ఎర్రలైటు కిందే తెరుస్తారు. కర్నూలు వైపు జ్వాలాపురంలో, సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం బూడిద పొర ఉంది కదా, దాని కింది మట్టికి సుమారు 77 వేల ఏళ్లు, పైమట్టికి 74 వేల ఏళ్లు అని తేల్చింది ఈ పద్ధతే. రెండు పొరల్లోనూ రాతి పనిముట్లు దొరికాయి. అంత పెద్ద విస్ఫోటనం తర్వాత కూడా మనుషులు అక్కడ ఉన్నారన్నమాట! 2007లో ఆ వివరాలు బయటికొచ్చాయి.

మన హైదరాబాద్ గ్రానైట్‌కి మాత్రం ఈ లెక్క కుదరదు. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు, దాచుకునే చోట్లన్నీ ఎప్పుడో నిండిపోయాయి, ఇక ఎంత రేడియేషన్ తగిలినా వెలుగు పెరగదు. కానీ పైన కొన్ని మిల్లీమీటర్ల మందం మాత్రం ఎండకి ఖాళీ అవుతుంది.

మొన్న ఆదివారం ఖాజాగూడ గుట్టల దగ్గర అక్కకి ఇదంతా చెప్పాను. ఆ పక్కనే అపార్ట్‌మెంట్ కోసం బండలు పగలగొడుతున్నారు, చూస్తేనే ప్రాణం ఉసూరుమంది. అక్క కిందపడ్డ ఒక గులాబీరంగు ముక్క తీసి, మెరుస్తున్న కొత్త అంచు మీద వేలితో రాస్తూ అంది, "అయితే ఇది ఇప్పుడే ఖాళీ అవుతోందన్నమాట."