ఈ మంగళవారం మూడు కొట్టేశాం

రాత్రి పదకొండు దాటింది. కరెంటు ఇప్పుడే వచ్చింది, ఫ్యాను కింద కూర్చుని రాస్తున్నాను.

ఎరువుల కొట్టువాళ్లిచ్చిన క్యాలెండర్లో ఈ రోజు గడి నిండా మా ఆవిడ రాతే. పొద్దున ఏడింటికి రొయ్యల చెరువు దగ్గర ప్రార్థన (సీడ్, అంటే రొయ్యపిల్లల్ని, వదిలేముందు పాస్టరు గట్టు మీద నిలబడి ప్రార్థన చేయాలి, మా విశ్వాసులకి అదొక ధైర్యం), పదకొండింటికి చించినాడ వంతెన దాటి రాజోలు వైపు గృహప్రవేశం, మధ్యాహ్నం పాలకొల్లులో పాస్టర్ల ఫెలోషిప్ కమిటీ, సాయంత్రం ఒక చంటిబిడ్డ పుట్టినరోజు, రాత్రికి ఒక విశ్వాసి ఇంట్లో కాటేజీ ప్రార్థన. ఇవి కాక తెల్లారకుండానే వాట్సాప్‌లో వాగ్దాన వాక్యం (ఆ రోజుకో బైబిలు వచనం) పెట్టాలి, పెట్టకపోతే "అయ్యగారికి ఒంట్లో బాగోలేదా అండీ" అని ఫోన్లు మొదలు.

వాటిలో మూడింటికి రానని చెప్పాను. పాస్టరుగా పన్నెండేళ్ల సేవలో ఇదే మొదటిసారి.

పోయిన వారం ఒక ఆదరణ కూడికలో, చనిపోయినాయన పేరు చెప్పాల్సిన చోట, అదే రోజు పొద్దున సమాధి చేసి వచ్చిన ఇంకొకాయన పేరు చెప్పాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఎవరూ ఏమీ అనలేదు. కొడుకు తల దించుకున్నాడు, అంతే. ఆ రాత్రి అన్నం సయించలేదు.

బైబిల్లో నిర్గమకాండం 18వ అధ్యాయం మీద ఎన్నిసార్లు ప్రసంగం చేశానో లెక్కలేదు. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే జనం తగువులు తీరుస్తుంటే మామగారు యిత్రో చూసి, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు జనమూ నలిగిపోతారు, వెయ్యిమందికొకర్ని, వందకొకర్ని, యాభైకి, పదికి పెట్టుకోమన్నాడు. పోయిన క్రిస్మస్‌కి మా మామగారు అదే మాటంటే మాత్రం ముఖం మాడ్చుకున్నాను.

మా నాన్న సేవలో ఉన్న రోజుల్లో వంతెన లేదు, గోదావరి పంటు మీద దాటాలి, కాబట్టి అవతలి ఒడ్డు నుంచి పిలుపులు అరుదు. 1836లో మన దేశానికి వచ్చి నర్సాపురంలో సేవ చేసిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు వచ్చిన కొత్తలోనైతే ధవళేశ్వరం ఆనకట్టే లేదు, రోజుకి ఐదు కూడికలంటే నవ్వేవారేమో. నాకీ జబ్బు బండి కొన్నాక పట్టుకుంది.

మానేయడం తేలికేం కాదు. మాలాంటి చిన్న సంఘంలో జీతమంటూ ఉండదు. గృహప్రవేశానికి వెళ్తే భోజనం, ఒక కవరు. ఆ కవర్లతోనే పెద్దాడి బస్సు ఫీజు. రానని ఫోన్ చేసేముందు ఆ లెక్క వేసుకున్నాను, దాచుకోవడం ఎందుకు.

తీరా చేస్తే గృహప్రవేశం వాళ్లు "పర్లేదండి అయ్యగారూ" అనేసి పది నిమిషాల్లో వేరే పాస్టరుగారిని మాట్లాడేసుకున్నారు! కమిటీవాళ్లు టీ తాగి లేచారట. కాటేజీ ప్రార్థన మా సంఘ పెద్దాయనకి అప్పజెప్పాను, ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యారు, "నాకు మాట్లాడ్డం రాదండి, ఆయ్" అంటూనే వెళ్లి ఇరవై నిమిషాల్లో ముగించారు, పిల్లలు నిద్రలోకి జారకముందే. నాకైతే గంటంబావు పట్టేది. సంతోషించాలి కదా, చిన్నబుచ్చుకున్నాను. నేను లేకపోతే జరగదనుకున్నవన్నీ జరిగిపోయాయి, ఒక్కరైనా బతిమాలలేదు. బతిమాలాలని ఉందన్నమాట నాకు.

మిగిలిన మధ్యాహ్నం ఆ ఆదరణ కూడిక జరిగిన ఇంటికి వెళ్లాను. పెద్దావిడ అరుగు మీద లేసు అల్లుతోంది. గబుక్కున లేచి "ఇవాళ కూడికేం లేదే అయ్యగారూ" అంటూ చాప కోసం చూసింది. ఊరికే వచ్చానమ్మా అన్నాను. బైబిలు కూడా తీసుకెళ్లలేదు. పోయిన వాళ్లాయన వలలు కట్టడం గురించి, చివరి నెలలో పులస తినాలని అడగడం గురించి, అంత డబ్బు పెట్టలేక తేలేకపోవడం గురించి చెప్పింది. రెండు గంటలు. వెళ్లేముందు పేరు తప్పు చెప్పినందుకు క్షమించమన్నాను. "మా అబ్బాయికి బాధేసిందండి" అంది, తను ఏమనుకుందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

పన్నెండున్నరకి కువైట్ నుంచి ఫోన్ వస్తుంది. మా సంఘంలో అమ్మాయే, ఇళ్లల్లో పని, అక్కడ పదింటికి గానీ తెమలదు. పిల్లలిద్దరూ ఇక్కడ అమ్మమ్మ దగ్గర. దీన్ని కూడా కొట్టేద్దామా అని మా ఆవిణ్ణి అడిగితే, ఏం మాట్లాడకుండా ఫోను ఛార్జింగ్‌కి పెట్టి పడుకుంది.