కాకినాడ బేలో చేపపిల్లల చోట్లు గీయాలంటే ముందు పోటు లెక్క చూడాలి

కోరింగ మడ అడవుల మ్యాపు చాలా ఆఫీసు గోడల మీద కనిపిస్తుంది. మడ చెట్లకి ఆకుపచ్చ, బురద మేటలకి గోధుమ రంగు, నీటికి నీలం. చూడముచ్చటగానే ఉంటుంది. చేపకి మాత్రం అది పనికిరాని మ్యాపు. పొద్దున నడిచి వెళ్లిన బురద మేట మీద మధ్యాహ్నానికి మోకాలి లోతు నీళ్లుంటాయి, వేలెడంత పిల్లలు అక్కడ మేస్తుంటాయి. పాటు (నీరు వెనక్కి తీయడం) మొదలవగానే అవన్నీ మూడు మీటర్ల వెడల్పున్న చిన్న పాయలోకి దిగిపోతాయి. గోడ మీది మ్యాపులో ఆ పాయ ఉండదు. ఏ వేళ నీటికి గీసిన మ్యాపో కూడా దాని మీద రాసి ఉండదు.

ముందు చోటు సంగతి. గోదావరి గౌతమి పాయ నుంచి చీలిన కోరింగ, గాడేరు మడ అడవుల మధ్యగా వచ్చి కాకినాడ బేలో, అంటే అఖాతంలో, కలుస్తాయి. తూర్పున హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ దాదాపు 16 కిలోమీటర్ల పొడవున అలల్ని ఆపుతుంది. బే ఉత్తరం వైపు తెరుచుకుంటుంది. లోపల నీళ్లు తక్కువ, ఒండ్రు ఎక్కువ. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడ వేళ్ల అంచు, పాయలు, బురద మేటలు, గుల్లల పరుపులు, ఇసుక దిబ్బకి లోపలి వైపు ఒడ్డు, మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గరి లోతు కాలువ: వీటిని విడివిడిగా గుర్తించాలి. ఒకే చేపకి వీటిలో రెండు మూడు కావాలి. పండుగప్ప ఉప్పు నీళ్లున్న మొగ వైపు గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు పాయల్లోకి ఎక్కుతాయి. మండ పీతలో ఆడది గుడ్లతో సముద్రంలోకి పోతుంది, పిల్ల పీతలు తిరిగి మడ బురదలోకి వస్తాయి.

"ముఖ్యమైన" చోటు అని దేన్ని అనాలి? వల వేస్తే పిల్లలు ఎక్కువ పడిన చోటు అనేది సగం జవాబే. 2001 నుంచి ఈ రంగంలో వాడుకలో ఉన్న కొలతలు నాలుగు: విస్తీర్ణం లెక్కన పిల్లలు ఎన్ని, ఎంత త్వరగా పెరుగుతున్నాయి, ఎన్ని బతుకుతున్నాయి, పెద్దయ్యాక ఎన్ని పెద్ద చేపల చోటికి చేరుతున్నాయి. ఒక సీజన్ సర్వేలో మొదటిది కచ్చితంగా, రెండోది కొంతవరకు తేలుతుంది. మిగతా రెండింటికీ చెవిరాళ్ల (చేప చెవిలో ఉండే చిన్న రాళ్లు) రసాయనం చూడడం, గుర్తులు కట్టి వదలడం లాంటి పెద్ద పని కావాలి. అందుకని మొదటి మ్యాపు మీద "నర్సరీ" అని రాసేయడం తొందరపాటు. "పిల్లలు దొరికే చోటు" అంటే చాలు. ఇంకో మాట. శాటిలైట్ నుంచి వచ్చే చేపలు దొరికే ప్రాంతాల సూచనలు సముద్రపు పైనీటి వేడి, పచ్చదనం చూసి వేట కోసం ఇచ్చేవి. వాటిని ఆవాసాల మ్యాపుతో కలిపెయ్యకూడదు.

అసలు పని పోటు దగ్గర మొదలవుతుంది. పోర్టు దగ్గరి పోటు పట్టిక తీసుకుని పాయ లోపల వాడేస్తే మ్యాపు మొత్తం జారిపోతుంది. లోపల పోటు ఆలస్యంగా వస్తుంది, ఎత్తూ మారుతుంది. లెక్క వేసి చూడండి. పెద్ద పోటు (అమావాస్య, పున్నమి ప్రాంతంలో వచ్చేది) రోజున నీరు 1.4 మీటర్లు ఆడుతుందనుకుందాం, ఆరుంపావు గంటల్లో. నడిమి వేళ నీరు గంటకి సుమారు 35 సెంటీమీటర్లు మారుతుంది. పాయలో ఆలస్యం 40 నిమిషాలైతే తప్పు 23 సెంటీమీటర్లు. ఇదేం పెద్దదనిపిస్తుంది. కానీ బురద మేట వాలు వెయ్యికి ఒకటి ఉంటే ఆ 23 సెంటీమీటర్లు నేల మీద 230 మీటర్లు అవుతాయి. గుల్లల పరుపు గీత అంత దూరం పక్కకి పోతుంది.

కాబట్టి కొలిచే ప్రతి పాయలో ఒక స్కేలు కర్ర పాతాలి. రెండు మీటర్ల మేర సెంటీమీటరు గీతలున్న కర్ర, గీతల కింది భాగం బురదలోకి కనీసం మీటరు దిగాలి, లేకపోతే పడవ అలకే వంగుతుంది. పది నిమిషాలకోసారి చదవాలి. ఒత్తిడిని బట్టి నీటిమట్టం రాసుకునే లాగర్ ఉంటే మేలు, కానీ దాని పక్కన గాలి ఒత్తిడి కొలిచే రెండోది కూడా ఉండాలి. వాయుగుండం రోజున ఒత్తిడి 10 మిల్లీబార్లు పడితే సరిచేయని లాగర్ 10 సెంటీమీటర్లు తప్పు చెబుతుంది.

శాటిలైట్ ఫొటోలకి సెంటినెల్-2 చాలు: ఉచితం, ఫొటోలో ఒక చుక్క అంటే నేల మీద 10 మీటర్లు, ఐదు రోజులకోసారి వస్తుంది. ఇక్కడ కొత్తవాళ్లు పడే గుంట ఒకటుంది. ఆ శాటిలైట్ ఎప్పుడూ పొద్దున పదిన్నర ప్రాంతంలోనే దాటుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో ఏ చోటైనా నీరు అడుగంటే వేళ గడియారం ప్రకారం దాదాపు ఒక్కటే. ఆ వేళ పదిన్నరకి కలవకపోతే ఐదేళ్ల ఫొటోలు దించుకున్నా అన్నిటికన్నా కిందనున్న బురద కనిపించదు. మ్యాపులో అది శాశ్వతంగా నీలమే. గుల్లల పరుపులు ఉండేది సరిగ్గా అక్కడే. ఉదయం, సాయంత్రం ఆరు ప్రాంతంలో దాటే సెంటినెల్-1 రాడార్ బొమ్మలు జోడిస్తే వేరే నీటిమట్టాలు దొరుకుతాయి, వానాకాలం మబ్బు గొడవ కూడా ఉండదు. కాకపోతే గాలికి నీరు రేగితే రాడార్ బొమ్మలో నీరూ బురదా ఒకలా కనిపిస్తాయి.

ఒక్కో ఫొటో నుంచి నీటి అంచు గీసి, ఆ నిమిషానికి స్కేలు కర్ర చెప్పే ఎత్తుని దానికి తగిలించాలి. ఇరవై ముప్పై ఫొటోలతో మేట ఎత్తుపల్లాలు వాటంతటవే వస్తాయి. ఫొటోలన్నీ ఒకే సీజన్‌వై ఉండాలి. వరదకి ముందువి, తర్వాతవి కలిపితే లేని గట్లు పుడతాయి. నీటి అడుగుని ఫొటోలో చదవాలనే ఆశ ఇక్కడ పెట్టుకోవద్దు, గోదావరి నీళ్లలో వెలుగు దిగదు.

లోతుకి పడవ, జీపీఎస్, 200 కిలోహెర్ట్జ్ ఎకో సౌండర్ (శబ్దం పంపి, తిరిగొచ్చే వేళని బట్టి లోతు చెప్పే యంత్రం). పాయకి అడ్డంగా 100 మీటర్లకో గీత, తర్వాత నిలువుగా రెండు గీతలు. గీతలు దాటే చోట రెండు లోతులు పోల్చాలి. పది సెంటీమీటర్లకి మించి తేడా వస్తే తప్పు సాధారణంగా పోటు సవరణలో ఉంటుంది, యంత్రంలో కాదు. పొద్దున్నే సౌండర్ కింద ఒక ఇనుప పలకని గుర్తులున్న తాడుతో 1, 2, 3 మీటర్లకి దించి చూడాలి. మంచినీళ్లలో 30 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకి సుమారు 1,509 మీటర్లు, అదే వేడి సముద్రపు నీటిలో 1,545. యంత్రంలో 1,500 పెట్టి వదిలేస్తే సముద్రపు నీటిలో మూడు మీటర్ల దగ్గర తొమ్మిది సెంటీమీటర్లు తక్కువ చూపుతుంది. ఇంకో మోసం పల్చని బురద. 200 కిలోహెర్ట్జ్ శబ్దం దాని పైపొర నుంచే తిరిగొస్తుంది, గుండు కట్టిన తాడు వేస్తే అరమీటరు కిందకి పోతుంది. పడవవాళ్లు వెదురు గడతో చూసే లోతుకీ, తెర మీది లోతుకీ తేడా వచ్చిన చోటల్లా నోట్‌బుక్‌లో రాయండి. ఆ పల్చని బురద కూడా ఒక రకం ఆవాసమే.

అడుగు మట్టికి 0.04 చదరపు మీటర్ల గ్రాబ్ (దవడలతో అడుగు మట్టిని పట్టి తెచ్చే పరికరం) వాడొచ్చు. దవడల మధ్య ఒక గుల్ల ఇరుక్కుంటే మట్టి సగం కారిపోతుంది, ఆ నమూనా పారేసి మళ్లీ వేయాల్సిందే. ఒక పాయింట్‌కి మూడు. 0.5 మిల్లీమీటర్ల జల్లెడలో కడిగితే మిగిలే పురుగులు, చిన్న గుల్లలే చేపపిల్లల మేత. బుడిత గుల్లల పరుపుకి గ్రాబ్ కన్నా పాటు నీళ్లలో దిగి మీటరు చట్రం వేసి చేత్తో తడమడం నయం. చచ్చిన గుల్లల్ని విడిగా లెక్కపెట్టాలి. నోరు మూసుకుని బురద నిండిన పెంకులు బతికినవాటిలా బరువుగానే ఉంటాయి.

సాలినిటీకి, అంటే నీటి ఉప్పదనానికి, రొయ్యల చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరే సరిపోతుంది. రోజూ డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకి తిప్పాలి. పైనీరు, అడుగు నీరు వేరుగా తీయాలి. వరదల్లో పైన చప్పటి నీరు పోతుంటే కింద ఉప్పు నీరు లోపలికి తోసుకొస్తుంది, పైనీరు మాత్రమే కొలిస్తే సముద్రపు చేప అక్కడెందుకుందో అంతుపట్టదు. కనీసం రెండు సీజన్లు: నడివేసవి, వరద దిగుతున్నప్పుడు.

ఇక వల. సర్వేలన్నీ ఎక్కువగా తప్పేది ఇక్కడే, ఎందుకంటే ఒక్కో చోటికి ఒక్కో వల కావాలి. ఒక వల సంఖ్యని ఇంకో వల సంఖ్య పక్కన పెట్టడానికి లేదు. ఇసుక ఒడ్డుకి, చదును బురదకి 15 మీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల కన్నున్న లాగుడు వల. లాగేటప్పుడు నోరు 7 మీటర్లు తెరుచుకుని 20 మీటర్లు లాగితే తుడిచింది 140 చదరపు మీటర్లు. 42 పిల్లలు పడితే వంద చదరపు మీటర్లకి 30. ఆ "నోరు 7 మీటర్లు" ప్రతిసారీ తాడుతో కొలవాలి. గాలి ఎదురైతే అది 5 అవుతుంది, లెక్క మారిపోతుంది. వల కింది అంచున బరువుకి కట్టే గుళ్ల తాడు నేలని వదిలితే బొమ్మిడాయిల్లా అడుగునే ఉండే చేపలు కిందనుంచి పోతాయి. బురదలో గుళ్లు ఎక్కువైతే తాడు కూరుకుపోయి వల నిండా మట్టే. ఒక మనిషి వెనక నడుస్తూ కాలితో తాడుని చూసుకోవడమే మందు.

మడ వేళ్ల మధ్య ఈ వల ఆడదు. అక్కడ చిన్న పాయ నోటికి నిండు పోటు నిలకడలో అడ్డువల కట్టి, పాటంతా ఉంచి, దిగివచ్చిన వాటిని పట్టాలి. వల కింది అంచుని బురదలోకి ఒక అడుగు తొక్కి మేకులతో బిగించాలి. మండ పీతలు కొరికి కన్నాలు చేస్తాయి, ఆరుగంటల్లో మూడుసార్లైనా చుట్టూ తిరిగి చూడాలి. పాటు అయ్యాక లోపలి గుంటల్లో మిగిలిన వాటిని జాలితో తీయాలి, అవి మొత్తంలో చిన్న వాటా కాదు. ఆ పాయ నీరు ఎంత మడ అడవిలో పరుచుకుందో ఆ విస్తీర్ణంతో భాగిస్తేనే లాగుడు వల సంఖ్యతో కొంతైనా పోల్చొచ్చు. "మడలో తక్కువ పడ్డాయి" అనే మాటకి చాలాసార్లు అర్థం వల అక్కడ పనిచేయలేదని.

ప్రతి చోట కనీసం మూడు లాగుళ్లు, పెద్ద పోటుకీ చిన్న పోటుకీ, పగలూ రాత్రీ. ఒక్కో జాతిలో 50 వరకు మిల్లీమీటర్లలో కొలిచి, మిగతావి లెక్కపెట్టి వదిలేయాలి. ఖాళీ వలనీ సున్నాగా రాయాలి. సున్నాలు రాయని సర్వే నుంచి మ్యాపు రాదు. అభయారణ్యంలో వల ముట్టుకునే ముందు అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఇంజను పడవల సముద్ర వేటకి నిషేధం ఉంటుంది కాబట్టి నమూనాల కోసమని చెప్పే కాగితం పడవలోనే ఉండాలి.

మత్స్యకారులతో మాట్లాడటం చివర చేసే లాంఛనం అనుకుంటే సగం మ్యాపు పోయినట్టే. ఏ3 కాగితం మీద ఉపగ్రహ చిత్రం అచ్చువేసి, వాళ్ల పాయల పేర్లు ముందు వాళ్లతోనే రాయించుకోవాలి. "ఇక్కడ చేపలున్నాయా" అనే ప్రశ్నకి అవుననే జవాబొస్తుంది. "వేలెడంతవి ఏ కార్తెలో, పోటుకా పాటుకా, ఏ వలకి" అని అడిగితే మ్యాపుకి పనికొచ్చేది వస్తుంది. హేచరీలు రాకముందు టైగర్ రొయ్య సీడ్ పట్టినవాళ్లకి ఏ అంచున ఏ పోటుకి పిల్ల వస్తుందో ఇప్పటికీ గుర్తుంటుంది. ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడగాలి. పదిమందిలో అడిగితే గట్టిగా మాట్లాడేవాడి మ్యాపే మిగులుతుంది. వాళ్లు చెప్పిన మంచి చోట్లని బయటికి ఇచ్చే మ్యాపులో చుక్కలుగా పెట్టకుండా కిలోమీటరు గడులుగా చూపాలి. లేకపోతే వచ్చే సీజన్‌కి ఆ చోట ఇతర ఊళ్ల పడవలుంటాయి.

అన్నీ క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో కలిపేటప్పుడు చోట్ల కొలతకి డబ్ల్యూజీఎస్ 84, యూటీఎం జోన్ 44 ఉత్తరం అనే పద్ధతి వాడాలి. పాత టోపోషీట్లు (సర్వే మ్యాపులు) ఎవరెస్ట్ డేటమ్ అనే పాత కొలత పద్ధతివి, మార్చకుండా వేస్తే వంద మీటర్లకు మించి జరుగుతాయి. ఫొటోలోని రంగుల్ని బట్టి కంప్యూటర్‌తో చోట్ల రకాలు విడదీసే వర్గీకరణకి నేల మీద చూసిన పాయింట్లు ఒక్కో రకానికి యాభై. ఫలితం సరిచూడటానికి దాచే పాయింట్లు, కంప్యూటర్‌కి నేర్పడానికి వాడిన పాయింట్ల పక్కవి కాకుండా వేరే పాయల్లోవి కావాలి. ఒకే మేట మీది పాయింట్లని చెరిసగం చేస్తే 95 శాతం కచ్చితత్వం వచ్చి సంతోషపెడుతుంది, పక్క పాయకి వెళ్తే కూలుతుంది. పది మీటర్లకన్నా సన్నని పాయలు ఏ వర్గీకరణలోనూ రావు. వాటిని స్పష్టమైన ఫొటో మీద చేత్తో గీతలుగా గీయాలి. విసుగు పని, కానీ పాటు వేళ చేపపిల్లలన్నీ ఉండేది ఆ గీతల్లోనే.

చివరి పొర దారులు. వరద ఎర్రనీటితో పులస మొగ దాటి ధవళేశ్వరం వైపు ఎదురెక్కుతుంది, బ్యారేజీ దగ్గర ఆగిపోతుంది. దాని ఆవాసం ఒక మచ్చగా గీయలేం, మొగ నుంచి పై దాకా లోతు తెగకుండా ఉన్న కాలువే దాని ఆవాసం. మేట వేసి ఆ లోతు తెగిన చోటు మ్యాపులో ఎర్ర గీతగా కనపడాలి. మ్యాపు మూలన తేదీ, సీజన్, ఏ నీటిమట్టానికి గీశారో, స్కేలు కర్ర ఎక్కడ పాతారో రాయాలి. హోప్ ఐలాండ్ కొన, మొగ దగ్గరి ఇసుక ఏటా కదులుతాయి, కాబట్టి ఒడ్డుగీతని ప్రతి వరద తర్వాత, నవంబరు ఫొటోలతో మళ్లీ గీసుకోవాలి.