తుఫాను కింద సముద్రం అన్నిచోట్లా ఒకేలా ఎందుకు చల్లబడదు?

తుఫానుకు బలం వేడి నీళ్ల నుంచే వస్తుందని అందరికీ తెలుసు, కానీ అదే తుఫాను తన కిందున్న నీళ్లను తనే చల్లార్చేసుకుంటుందన్న సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆవిరితో పోయే వేడి ఇందులో చిన్న భాగమే. అసలు పని గాలిది. పై నీళ్లను బలంగా తోసి, కదిపి, అడుగునున్న చల్లటి నీళ్లను పైకి కలిపేస్తుంది. తుఫాను నెమ్మదిగా కదిలితే లోతు నీళ్లు పైకి ఉబికి వస్తాయి కూడా. ఉపరితలం 1 నుంచి 6 డిగ్రీల దాకా చల్లబడొచ్చు, ఉత్తరార్ధగోళంలో అయితే తుఫాను దారికి కుడివైపు ఎక్కువ.

ఇక్కడే పొరలు అడ్డొస్తాయి. వర్షాకాలం అయ్యాక ఉత్తర బంగాళాఖాతం సంగతే చూడండి: గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి తెచ్చిన మంచినీళ్లు, వాటికి తోడు వాననీళ్లు, బరువైన ఉప్పునీళ్ల మీద నూనెలా తేలుతుంటాయి. వాటిని కలపాలంటే గాలికి తల ప్రాణం తోకకొస్తుంది. తీరా కలిపినా, కింద వెంటనే తగిలేది చల్లటి నీళ్లు కాదు, దాదాపు అంతే వెచ్చగా ఉండే ఉప్పునీళ్లు. దీన్నే బ్యారియర్ లేయర్ అంటారు. చలికాలంలో ఒక్కోసారి ఆ కింది పొరే ఎక్కువ వెచ్చగా ఉంటుంది! దాంతో తుఫానుకు వేడి అందుతూనే ఉంటుంది. ఉపరితల ఉష్ణోగ్రత మ్యాప్ ఒక్కటే చూపించి తుఫాను బలపడుతుందో లేదో తేల్చేసేవాళ్లను చూస్తే నాకు చిరాకు, ఉప్పదనం లెక్క కూడా చూడాలి కదా.