చిన్లే బంకు వెనకాల దొరికిన కుక్కపిల్ల

చెవి మడత తీసి చూస్తే లోపలంతా పిడుదులే. రక్తం తాగి ఆముదం గింజల్లా ఉబ్బి ఉన్నాయి. పట్టకారుతో ఒక్కొక్కటీ లాగుతుంటే కుక్కపిల్ల నా ఒళ్లో వణికింది గానీ ఒక్కసారి కూడా పళ్లు చూపించలేదు.

పిడుదులని తేలిగ్గా తీసుకోవడానికి లేదిక్కడ, అమెరికాలో నవాజో గిరిజనుల ఊరైన ఈ చిన్లేలో. మా అరిజోనా రాష్ట్రంలోని గిరిజన ప్రాంతాల్లో వీటి కాటు వల్ల స్పాటెడ్ ఫీవర్ అనే ప్రమాదకరమైన జ్వరం వచ్చి మనుషులే చనిపోయారు.

"ఇక్కడివాళ్లకు కుక్కలంటే పట్టదు" అని బయటివాళ్లు అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. గొర్రెల మందకు కాపలాగా తరతరాలుగా కుక్కల్ని పెంచుకుంటున్నవాళ్లు నవాజోలు. మూడు రాష్ట్రాల్లో పరుచుకున్న, దాదాపు 70 వేల చదరపు కిలోమీటర్ల నేల వాళ్లది. చాలామందికి పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే గంటలకొద్దీ డ్రైవ్. కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని ఉన్నా ఎక్కడ చేయిస్తారు?

దీని తల్లిని మా స్కూల్లో చదివే అబ్బాయి వాళ్ల అమ్మమ్మగారు తన గొర్రెల దగ్గర ఉంచుకుంటానన్నారు. మొబైల్ క్లినిక్ వచ్చినప్పుడు ఆపరేషన్ చేయిద్దామని అనుకున్నాం. ఆవిడ ఆ మాట అన్నాక సగం టెన్షన్ పోయింది.

పిల్లను మధ్యాహ్నం కొలరాడో నుంచి వచ్చిన దంపతులు పెంచుకోవడానికి తీసుకెళ్లారు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్‌కు వేసే టీకా తర్వాతి డోసు ఎప్పుడో కాగితం మీద రాసి చేతిలో పెట్టాను. కారు కదిలేదాకా అదే చెబుతూ ఉన్నాను!

గ్యాలప్ పట్నం వైపు నుంచి ఎవరైనా ఈ వారం వస్తుంటే పిడుదుల మందు తెచ్చిపెట్టండి. దీని తోబుట్టువులు ఇంకా ఆ బంకు వెనకాలే తిరుగుతున్నాయి.